కెప్టెన్సీ ఎవరిది? పల్వంకర్ అన్నదమ్ములు, బొంబాయి ఫైనల్సు, మన పేట జట్లు

కోనసీమలో క్రికెట్ సీజను కాలువలు కట్టేయడంతో మొదలవుతుంది. దాళ్వా కోతలైపోయి, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేశాక, అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల చేలు గట్టిపడతాయి. వరి మోళ్ళు చెక్కి, నాలుగు బిందెల నీళ్ళు చల్లి, ఇరవై రెండు గజాల మేర చదును చేస్తే పిచ్ తయారు. మళ్ళీ జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలి నారుమళ్ళు పోసేదాకా అదే గ్రౌండు. సంక్రాంతికి ఈ వీలు ఉండదు. అప్పటికి చేలల్లో దాళ్వా పనులు నడుస్తుంటాయి. అందుకే పండగ పోటీలు హైస్కూలు ఆవరణలోనో, ఎవరైనా వదిలేసిన జాగాలోనో జరుపుకోవాలి. అసలైన సీజను మాత్రం ఎండాకాలం నెలన్నర, రెండు నెలలే.

గోదావరి పాయల మధ్య ఉన్న ఈ లంకసీమలో జానెడు ఖాళీ నేల ఉండదు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయి, నీరు పారిన దగ్గర్నుంచి వరిచేను, కొబ్బరితోట, బోదె, గట్టు, అన్నీ ఎవరో ఒకరివే. పశువుల బీడు కూడా సాగులోకి వచ్చేసింది. కాబట్టి ఇక్కడ ఆట ఆడడమంటే ముందు నేల అడగడం. పేట కుర్రాళ్ళు ఎవరి చేలో పగలంతా కూలికి వంగి ఊడుస్తారో, అదే చేలో ఎండాకాలం ఆడుకోడానికి ఆ ఆసామి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడాలి. ఫైనల్స్ రోజున మైకు కట్టి, టెంటు వేసి, కప్పు బల్లమీద పెడతారు. ఆ కప్పు మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. ఆ ఫలానా వారిది ఏ వీధో చూస్తే, ఊరి భూముల లెక్క సగం తెలిసిపోతుంది.

జట్టు కూర్పు సంగతీ అంతే. చాలా చోట్ల జట్టు పేటని బట్టే కడతారు. ఊరంతా కలిసి ఒక జట్టుగా పక్క మండలం మీదకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రం పేటలో గట్టిగా బంతి వేసే కుర్రాణ్ణి పిలుస్తారు. వాడు వస్తాడు, వికెట్లు తీస్తాడు, మెచ్చుకుంటారు. కెప్టెనుగా టాస్ వెయ్యడానికి వెళ్ళేవాడు వేరే. ఇది తెలియనివాళ్ళు మనలో ఎవరూ లేరు. కానీ దీన్ని చరిత్రగా ఎవరూ చూడలేదు. ఆటని చరిత్రగా చూడడమే మన దగ్గర తక్కువ. కుల సంబంధాలు అనగానే పొలం, గుడి, బావి, బడి గుర్తొస్తాయి. కాలక్షేపం చేసే చోట్లు గుర్తురావు. నిజానికి చుండూరులో 1991 ఆగస్టు 6 నాటి హత్యాకాండకి ముందు రాజుకున్నది సినిమా హాల్లోనే. కాలు తగిలిందన్న తగాదా అది. టిక్కెట్టు కొన్నవాడికి ఎక్కడైనా కూర్చునే హక్కుండే చోటు కాబట్టే అక్కడ తగాదా వచ్చింది. ఆటస్థలం కూడా అలాంటి చోటే. బంతి ఒకటే, రూలు ఒకటే, అవుటైతే ఎవరైనా బయటికి వెళ్ళాలి. అందుకే అక్కడ పెత్తనం ఎలా నిలబెట్టుకున్నారో చూడడం అవసరం.

దీనికి మనకి దొరుకుతున్న పక్కా రికార్డు కోనసీమది కాదు, బొంబాయిది. దేశంలో ఏటా సీజనుకి సీజను జరిగి, ఫైనల్స్‌కి వేలాది జనం వచ్చిన మొదటి పెద్ద క్రికెట్ పోటీ అక్కడిదే. అందులో ఒక అంటరాని కుటుంబం దాదాపు పాతికేళ్ళ పాటు ఆడింది. పోరాడి కెప్టెన్సీ తీసుకుంది. ఆ కథలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

బొంబాయిలో జట్లని మతాన్ని బట్టే కట్టారు. మొదట పార్సీలకీ తెల్లవాళ్ళకీ పోటీ ఉండేది. 1907లో హిందువులు చేరి ముక్కోణపు పోటీ అయింది. 1912లో ముస్లింలు చేరాక చతుర్ముఖ పోటీ. 1937లో క్రైస్తవులు, యూదులు, ఆంగ్లో ఇండియన్లు వగైరాలందరినీ కలిపి 'మిగిలినవాళ్ళు' అనే జట్టు కట్టి అయిదో పక్షం చేశారు. ఆ పేరు చూడండి, మిగిలినవాళ్ళు! 1946తో ఈ పోటీ ఆగిపోయింది. మతం పేరుతో జట్లు కట్టడం తగదని గాంధీ 1940లో బహిరంగంగా అన్నాడు. మతం సంగతి అందరూ మాట్లాడారు. 'హిందూ' అని రాసుకున్న జట్టు లోపల ఏం జరిగిందో మాట్లాడింది తక్కువ. మనకి కావలసింది అది.

పల్వంకర్ బాలూ 1876లో ధార్వాడలో పుట్టాడు. కొంకణ్‌లోని పల్వన్ ఊరు కాబట్టి పల్వంకర్. కులం చంభార్. మన మాదిగల్లాగా తోలుపని కులమది. తండ్రి సైన్యంలో పనిచేసేవాడు, పూనా దగ్గర ఉండేవారు. అన్నదమ్ములు నలుగురు: బాలూ, శివరాం, గణపత్, విఠల్. సైనికులు పారేసిన బ్యాటూ బంతితో ఆట మొదలుపెట్టారు. బాలూకి మొదటి ఉద్యోగం పూనాలో పార్సీల క్లబ్బు గ్రౌండు ఊడ్చి, పిచ్ దొర్లించడం. జీతం నెలకి 3 రూపాయలు. 1892 ప్రాంతంలో తెల్లవాళ్ళ పూనా క్లబ్బులో చేరితే 4 రూపాయలు. అక్కడ పిచ్ చదును చెయ్యడం, గీతలు గీయడం, వలలు కట్టడం అతని పని. దాంతోపాటు దొరలు ప్రాక్టీసు చేసేటప్పుడు బంతులు వెయ్యడం కూడా పనిలో భాగమైంది. గ్రెగ్ అనే ఇంగ్లీషు బ్యాట్స్‌మన్ రోజూ ముందుగా వచ్చి గంటలకొద్దీ బాలూ చేత వేయించుకునేవాడనీ, తనని అవుట్ చేసిన ప్రతిసారీ అర్ధరూపాయి ఇచ్చేవాడనీ చెబుతారు. అర్ధరూపాయి సంగతి కథ కావచ్చు. వందల గంటలు బంతి వేయించుకున్న ఆ క్లబ్బులో బాలూ చేతికి బ్యాట్ మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. 'లగాన్' సినిమా (2001) వచ్చాక కచ్రా పాత్ర పెట్టుకుని బాలూ గురించి చాలామంది రాశారు. సినిమాలో కచ్రా చెయ్యి వంకర, బంతి దానంతటదే తిరుగుతుంది. కథానాయకుడు దయతలచి జట్టులోకి తీసుకుంటాడు. అంటే దళితుడికి నైపుణ్యం లేదు, అవిటితనమే వరమైంది, పైకులం వాడి మంచితనమే దారి చూపింది. బాలూ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. ఆ ఎడమచేతి స్పిన్ రోజువారీ కూలిపనిలోంచి పుట్టిన విద్య. పిచ్‌ని తన చేతులతో దొర్లించినవాడికి బంతి ఎక్కడ పడితే ఎటు తిరుగుతుందో తెలియదా? చేను దున్నేవాడికి నేల గుణం తెలిసినట్టే. పనిని విద్య కింద లెక్కగట్టకపోవడం కులం చేసే మొదటి పని. ఆ సినిమా కూడా తెలియకుండా అదే పని చేసింది.

పూనాలో హిందువుల క్లబ్బు తెల్లవాళ్ళతో తలపడాల్సి వచ్చినప్పుడు బాలూని తీసుకోవాలా వద్దా అని క్లబ్బు రెండుగా చీలింది. తీసుకుందామన్నవాళ్ళు ఆ క్లబ్బులోని తెలుగు సభ్యులు. వద్దన్నవాళ్ళు స్థానిక మరాఠీ బ్రాహ్మణులు. ఈ సంగతి రామచంద్ర గుహ తన క్రికెట్ చరిత్ర పుస్తకంలో (2002) ప్రస్తావించాడు. దీన్ని చూసి తెలుగువాళ్ళం గర్వపడిపోవాల్సిన పనేమీ లేదు. సొంత గడ్డ మీద లేని పట్టింపు పరాయి ఊళ్ళో సడలడం మామూలే. పరాయి ఊళ్ళో గెలుపు అవసరం ఎక్కువ, కాపాడుకోవాల్సిన ఊరి పెత్తనం తక్కువ. అదే సభ్యులు తమ సొంత జిల్లాల్లో పంచముడితో కలిసి ఆడేవారా అన్నది అడగాల్సిన ప్రశ్న. చివరికి గ్రెగ్ దొర కూడా బాలూని వదులుకుంటే హిందువులంత తెలివితక్కువవాళ్ళు ఉండరన్నట్టు మాట్లాడాడు. బాలూని తీసుకున్నారు.

తీసుకున్నాక జరిగింది మనకి బాగా తెలిసిన వ్యవహారమే. మైదానంలో అతను ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకోవాలి, తప్పదు. టీ విరామం రాగానే మిగతా ఆటగాళ్ళు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగుతుంటే, బాలూకి బయట మట్టి ముంతలో ఇచ్చేవారు. తాగి పారెయ్యాలి. ముఖం కడుక్కోవాలంటే ఇంకో అంటరాని నౌకరు నీళ్ళు తెచ్చి మైదానం మూల పోయాలి. భోజనం వేరే పళ్ళెంలో, వేరే బల్ల మీద. మన ఊళ్ళ కాఫీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఎలా ఉండేదో చెప్పగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ పద్ధతే క్రికెట్ తెల్లబట్టలు వేసుకుని అక్కడ నిలబడింది. మనం గమనించాల్సింది విభజన గీత ఎక్కడ గీశారన్నది. ఆట నడుస్తున్నంతసేపూ గీత లేదు, ఎందుకంటే అక్కడ బాలూ అవసరం. ఆట ఆగిన నిమిషంలో గీత వచ్చేస్తుంది. కుప్పనూర్పిడి అయ్యేదాకా కళ్ళంలో అందరూ ఒకటే, తిండి దగ్గరే వేరు అన్నట్టు.

వికెట్లు పడేకొద్దీ గీత కొంచెం కొంచెం చెరిగింది. సతారాలో తెల్లవాళ్ళ జట్టుని ఓడించినప్పుడు బాలూని ఏనుగు మీద ఊరేగించారు. పూనాలో జరిగిన సన్మానాల్లో రానడే, తిలక్ అతన్ని మెచ్చుకుంటూ మాట్లాడారు. కలిసి ఆడినవాళ్ళు కలిసి తినలేరా అని రానడే సభలో అడిగాడంటారు. బొంబాయికి మారాక రైల్వేలో ఉద్యోగం, పరమానందదాస్ జీవన్‌దాస్ హిందూ జింఖానాలో ఆట. ఆ జింఖానా 1894లో పుట్టింది. డబ్బిచ్చిన దాత పేరే దాని పేరు. మన కప్పుల మీద జ్ఞాపకార్థం పేర్ల వంటిదే, కాకపోతే పెద్ద ఎత్తున. 1906 ఫిబ్రవరిలో హిందువులు తెల్లవాళ్ళని 109 పరుగుల తేడాతో ఓడించారు. బాలూ, అతని తమ్ముడు శివరాం ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. బొంబాయిలోని సంఘసంస్కరణ పత్రిక ఒకటి ఆ గెలుపుకంటే అంటరానివాళ్ళు ఆ జట్టులో ఉండడమే ముఖ్యమైన విషయమని రాసింది.

1911లో పాటియాలా మహారాజు కెప్టెన్సీలో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. బాలూకి అప్పటికి ముప్పై అయిదేళ్ళు. ఆ పర్యటనలో అన్ని మ్యాచ్‌లూ కలిపి 114 వికెట్లు తీశాడు. ఓటములు ఎక్కువైన ఆ పర్యటనలో చెప్పుకోదగ్గది అదొక్కటే. తిరిగొచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవాళ్ళు సన్మానం చేశారు. అప్పటికి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువుతున్న భీమ్‌రావ్ అంబేద్కర్ ఆ సన్మానంలో పాలుపంచుకున్నాడు. ఆ తరం దళిత విద్యార్థులకి బాలూ ఎంత పెద్ద పేరో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. తన కులం వాడు తెల్లదొరల వికెట్లు తీశాడన్న వార్త చదివిన కుర్రవాడికి అదొక పాఠం.

మరి కెప్టెన్సీ? హిందూ జట్టులో అందరికంటే సీనియరు బాలూ. అతని మొత్తం ఫస్ట్‌క్లాస్ లెక్క 33 మ్యాచ్‌ల్లో 179 వికెట్లు, ఒక్కో వికెట్టుకి సగటున పదిహేను పరుగులు చిల్లర. అయినా ఏటా కెప్టెన్ ఎం.డి. పాయ్ అనే సారస్వత బ్రాహ్మణుడు. పాయ్ మంచివాడే. ఈ గౌరవం సీనియరైన బాలూకి దక్కాల్సిందని 1913లో తన సన్మాన సభలోనే చెప్పాడు. చెప్పి, కెప్టెనుగా కొనసాగాడు. ఉదారవాదుల మంచితనం ఎక్కడిదాకా వస్తుందో అక్కడిదాకా వచ్చి ఆగింది. జింఖానా కమిటీలో ఉన్న వ్యాపారులు, వకీళ్ళు కెప్టెన్సీకి ఆట ఒక్కటే చాలదనుకున్నారు. కెప్టెన్ అంటే గవర్నరు విందులో పక్కన కూర్చునేవాడు, ఉపన్యాసం చెప్పేవాడు. మొత్తం 'హిందూ' సమాజానికి అతనే ముఖం. బంతి వెయ్యడానికి అంటరానివాడు పనికొస్తాడు, ముఖంగా పనికిరాడు.

1920 సీజనులో ఇది బద్దలైంది. పాయ్‌కి ఒంట్లో బాగోక ముస్లింలతో జరిగే మొదటి మ్యాచ్ ఆడలేకపోయాడు. కెప్టెన్సీ బాలూకి వస్తుందని అందరూ అనుకున్నారు. కమిటీ బాలూని జట్టులోంచే తీసేసి, పూనా ప్రొఫెసర్ డి.బి. దేవ్‌ధర్‌ని కెప్టెన్ చేసింది. అప్పుడు శివరాం, విఠల్ ఇద్దరూ మేం ఆడం అని బయటికొచ్చేశారు. ఊరికే రాలేదు. తమ అన్నకి జరిగింది కులవివక్షేనని, దాన్ని ఒప్పుకుని ఆడడం ఆత్మగౌరవానికి తగదని బహిరంగ ప్రకటన ఇచ్చారు. బొంబాయి పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. అన్నదమ్ములిద్దరూ లేకుండానే ముస్లింల మీద మ్యాచ్ గెలిచినా, పార్సీలతో ఫైనల్స్ నాటికి కమిటీ దిగిరాక తప్పలేదు. పాయ్ కెప్టెనుగా వచ్చాడు, బాలూని వైస్‌కెప్టెనుగా తీసుకున్నారు, తమ్ముళ్ళు తిరిగొచ్చారు. ఆ మ్యాచ్‌లో పాయ్ కాసేపు మైదానం వదిలి వెళ్ళి, బాలూ చేత జట్టుని నడిపించాడు. ఫైనల్స్ డ్రా అయింది, కప్పు ఇద్దరూ పంచుకున్నారు. స్కోరు పుస్తకంలో ఆ కాసేపటికి విడిగా గడి ఉండదు.

ఆ ఏడు దేశమంతా సహాయ నిరాకరణ, గాంధీ అంటరానితనం మీద ఉపన్యాసాలు. అందుకని బొంబాయి జనం మనసు మారి కమిటీ తగ్గిందని చెప్పే చరిత్రకారులున్నారు. వాతావరణం సాయం చేసి ఉండొచ్చు, కాదనను. కానీ గాంధీ ఉపన్యాసాలు విని కమిటీ మారి ఉంటే బాలూని ముందే తీసుకునేది, తీసేసేది కాదు. మార్చింది ఇద్దరు ఆటగాళ్ళ సమ్మె. సహాయ నిరాకరణ అనే ఆయుధాన్ని తెల్లవాళ్ళ మీద వాడుతున్న పెద్దల మీదే తిప్పి వాడారు వాళ్ళు. మన దగ్గర సరిగ్గా ఆ రోజుల్లోనే, 1921లో, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్ల దొరతనము' అన్నాడు. అంతకుముందు 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచమ అన్న పేరు వదిలి ఆది ఆంధ్ర అన్న పేరు పెట్టుకుంది. బొంబాయి మైదానంలో జరిగినదానికీ వీటికీ ప్రత్యక్ష సంబంధమేమీ లేదు. కానీ తెల్లదొర పోయాక వచ్చేది ఎవరి దొరతనం అన్న ప్రశ్న మూడు చోట్లా ఒక్కటే.

1920 సమ్మె వల్ల కెప్టెన్సీ వెంటనే రాలేదు. బాలూ వయసు మీరి ఆట మానేశాడు. తమ్ముడు విఠల్ అప్పటికి జట్టులో ముఖ్యమైన బ్యాట్స్‌మన్. 1923 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు విఠల్‌ని కెప్టెన్ చేశారు. అదే సీజనులో హిందువులు ఫైనల్స్‌లో తెల్లవాళ్ళని ఓడించి కప్పు గెలిచారు. 1925లోనూ, 1926లోనూ కప్పు మళ్ళీ హిందువులదే. అంటరానివాడు నడిపిస్తే జట్టు చెడుతుందన్న మాట ఎవరూ అననవసరం లేకుండా పోయింది. విఠల్ తన క్రీడాజీవితం గురించి మరాఠీలో రాసుకున్న పుస్తకం 1948లో వచ్చింది. ఆ కుటుంబం కథ ఆ కుటుంబం నోటినుంచే మనకి మిగిలిందంటే ఆ పుస్తకం వల్లే. మన పేటల్లో ఆడినవాళ్ళు ఎవరూ అలా రాసుకోలేదు.

తెలుగువాళ్ళ క్రికెట్ చరిత్ర అనగానే చెప్పే మూడు పేర్లు ఇప్పుడు దీని పక్కన పెట్టి చూడాలి. ఒకరు మద్రాసులో 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టిన బుచ్చిబాబు నాయుడు. సంపన్న దుబాసీ కుటుంబం. మన జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలో ఉన్న ఆ రోజుల్లో, 1916 నుంచి చేపాక్‌లో సంక్రాంతికి తెల్లవాళ్ళకీ భారతీయులకీ జరిగిన మ్యాచ్‌కి బీజం ఆయనదే, చూడకుండానే 1908లో పోయాడు. రెండోవారు సి.కె. నాయుడు. పూర్వీకులది బందరు ప్రాంతం, పుట్టింది 1895లో నాగపూర్‌లో. మూడోవారు విజయనగరం మహారాజకుమార్, విజ్జీ.

సి.కె. నాయుడు 1916లో హిందూ జట్టులో మొదటిసారి ఆడేనాటికి పల్వంకర్ అన్నదమ్ములే ఆ జట్టుకి ఊతం. తర్వాత అతను విఠల్ కెప్టెన్సీ కింద ఆడాడు. మన వ్యాసాల్లో, పాఠాల్లో సి.కె. సిక్సర్లున్నాయి. ఎవరి నాయకత్వంలో ఆడాడో లేదు. 1932లో భారతదేశం మొదటి టెస్టు ఆడినప్పుడు సి.కె. కెప్టెన్ అయ్యాడంటే, అదీ పోర్‌బందర్ మహారాజు తన ఆట తనకే తెలిసి తప్పుకోవడం వల్లా, ఉపకెప్టెన్ లింబ్డీ రాజకుమారుడు గాయపడడం వల్లా. భూమీ చదువూ ఉన్న శూద్ర కుటుంబం వాడికే రాజులు అడ్డం తప్పుకుంటే తప్ప సందు దొరకలేదు. విజ్జీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టుకి కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి చేసిన పరుగులు 33. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపించేశారు. 114 వికెట్లు తీసినవాడు పదేళ్ళు కెప్టెన్ కాలేకపోయిన దేశంలో 33 పరుగులు చేసినవాడు కెప్టెన్ అయ్యాడు. ప్రతిభ గురించి మాట్లాడేవాళ్ళు ఈ రెండు అంకెలూ ఒకసారి చూడాలి. రిజర్వేషన్ ఎవరికి ఉండేదో తెలుస్తుంది. విజ్జీ పేరు మీద విశ్వవిద్యాలయాల ట్రోఫీ ఉంది.

బాలూని గురించి రాసేటప్పుడు మనవాళ్ళు కొందరు ఇక్కడితో ఆపేస్తారు. ఆపకూడదు. 1932లో వేరు నియోజకవర్గాల విషయంలో బాలూ అంబేద్కర్ పక్షాన లేడు. ఎం.సి. రాజాతో కలిసి ఉమ్మడి నియోజకవర్గాలకి మద్దతిచ్చాడు, పూనా ఒప్పందం మీద సంతకం పెట్టాడు. 1937లో బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ అతన్ని తెచ్చి అంబేద్కర్ మీదే నిలబెట్టింది. అంబేద్కర్ గెలిచాడు. తేడా సుమారు రెండు వేల ఓట్లు. అంబేద్కర్ వంటివాడి మీద రెండు వేల తేడాతో ఓడాడంటే బాలూకున్న జనాదరణ తక్కువది కాదు. కాంగ్రెస్ లెక్కలో ఇంకొకటి ఉంది. అంబేద్కర్ మహార్, బాలూ చంభార్. అంటరాని కులాల మధ్య ఉన్న ఎడాన్ని వాడుకోవడం పైవాళ్ళకి ఎప్పుడూ తెలిసిన విద్యే. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైన తర్వాత ఈ విషయం మనం కప్పిపుచ్చలేం. ఒక కులం గొంతే అందరి గొంతు అవుతోందన్న బాధ చంభార్లలో ఉండబట్టే ఆ ఎత్తు పనిచేసింది.

అయితే బాలూని ద్రోహి అని కొట్టేయడం తేలిక. అతని జీవితంలో అతనికి ఎదురైన అనుభవం వేరు. ఏనుగు మీద ఊరేగించినవాళ్ళూ, బయట ముంతలో టీ ఇచ్చినవాళ్ళూ ఒక్కరే. పట్టుబట్టి, నెమ్మదిగా, లోపలే ఉండి ఒత్తిడి తెస్తే ముంత పోయి కప్పు వచ్చిందని అతని నమ్మకం. హిందూ జట్టులో చోటు సంపాదించినవాడు హిందూ ఓటరు జాబితాలోనూ చోటు దొరుకుతుందనుకున్నాడు. జట్టుకీ రాజకీయానికీ తేడా ఎక్కడుందో తమ్ముళ్ళ సమ్మెలోనే ఉంది. బయటికి వస్తేనే లోపల విలువ వచ్చింది. బయటికి రాగలిగే హక్కుని చట్టంలో రాయించుకోవాలన్నది అంబేద్కర్ వాదన. నా ఉద్దేశంలో 1920 సమ్మె బాలూ 1932 సంతకానికంటే అంబేద్కర్ వాదనకే దగ్గర. బాలూ 1955 జూలైలో బొంబాయిలో పోయాడు.

కోనసీమకి వద్దాం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు అడిగాయి. మే నెలలో ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు, బి.సి. ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ ఏడు ఆగస్టులో పేరు ఖాయమైంది: డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఇక్కడి దళితులు తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళు కాదు. బోయి భీమన్న, బొజ్జా తారకం ఈ నేలలో పుట్టినవాళ్ళే. అమలాపురం లోక్‌సభ స్థానం రిజర్వుడు. అక్కడినుంచి వెళ్ళిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యాడు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాక హైదరాబాద్ గచ్చిబౌలిలోని స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఓటు వెయ్యనిచ్చారు, పనిచెయ్యనిచ్చారు, గెలవనిచ్చారు. జిల్లా బోర్డు మీద పేరు అనేసరికి మాత్రం మంట పుట్టింది. జింఖానా కమిటీ 'ముఖం' అనుకున్నది ఇదే.

ఆ మే నెలలో చేలు ఎప్పటిలాగే గ్రౌండులుగానే ఉన్నాయి. సీజను ఇంకా అయిపోలేదు. ఆ గ్రౌండుల చరిత్ర సేకరించడానికి పెద్ద పరిశోధన సంస్థ అక్కర్లేదు. పాత స్కోరు పుస్తకాలు, కరపత్రాలు, గెలిచిన జట్టు ఫోటోలు పేటల్లో ఇళ్ళలో గోడలకే ఉన్నాయి. కాలేజీ విద్యార్థులు, టీచర్లు అడగాల్సిన ప్రశ్నలు చాలా మామూలువి. మీ జట్టు ఎప్పుడు పెట్టారు, ఏం పేరు పెట్టుకున్నారు? చేను ఎవరిది, ఎప్పుడైనా ఇవ్వనన్నారా? కిట్టు ఎవరింట్లో ఉండేది? ఊరి జట్టుకి మీలో ఎవరు ఆడారు, ఎవరు బంతి వేశారు, ఎవరు కెప్టెన్? ఫైనల్స్ రోజు మంచినీళ్ళ కుండ దగ్గర గ్లాసులెన్ని? ఎవరైనా ఎప్పుడైనా ఆడనని బయటికొచ్చేశారా, వస్తే తర్వాత ఏం జరిగింది?